రోయింగ్ మెషినా, వ్యాయామ సైకిలా? వసారాలో ఒక్కదానికే చోటున్నది

కోట వెనుక వీధి (విజయనగరం)

సభ్యులందరికీ నమస్కారం. నాకు 54 ఏళ్లు, ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. వేసవి సెలవుల్లో చేయించుకున్న పరీక్షల్లో చక్కెర హద్దు మీద ఉన్నదనీ, రక్తపోటు కొంచెం ఎక్కువగా ఉన్నదనీ తేలింది. రోజూ అరగంట నడవమని డాక్టరు గారు చెప్పారు. పెద్ద చెరువు వైపు నడక మొదలుపెట్టి నెలన్నర సాగించాను గానీ, వానలు పట్టుకున్నాక వారంలో నాలుగు రోజులు గొడుగు మూలనే ఉండిపోతున్నది, నేనూ ఇంట్లోనే ఉండిపోతున్నాను.

అందుకని ఇంట్లోనే ఒక యంత్రం పెట్టుకోవాలనుకుంటున్నాము. మాది పాతకాలపు పెంకుటిల్లు. ముందు వసారా 11 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉంటుంది, ఇనుప గ్రిల్ ఉన్నది. మా ఇంటావిడకు 50 ఏళ్లు. మెట్లెక్కేటప్పుడు మోకాళ్లు నొప్పి పుడుతున్నాయి, అరుగుదల మొదలైందని చెప్పారు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి రోయింగ్ మెషిన్ (జారే సీటు మీద కూర్చొని, పడవ తెడ్డు వేసినట్టు పిడిని లాగే యంత్రం) కొనమంటున్నాడు, ఒళ్లంతా కదులుతుందట, గంటకు 600 కేలరీలు ఖర్చవుతాయట. విశాఖపట్నంలో దుకాణం అతను మాత్రం సైకిలే మేలన్నాడు. వాళ్లిద్దరిలో ఎవరూ మా మోకాళ్లను చూడలేదు. 40 వేలకు మించి పెట్టలేను. వాడి చూసినవారు ఎవరైనా చెబితే మేలు చేసినవారవుతారు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

మాస్టారూ, నేను మూడేళ్లుగా గాలితో పనిచేసే రోయింగ్ మెషిన్ వాడుతున్నాను. అభిమానం ఉన్న మాట దాచను, అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

చూసినవారందరూ ఇది చేతుల వ్యాయామం అనుకుంటారు. కాదు. పాదాలను పలకల మీద పట్టీలతో బిగించి, మోకాళ్లు గుండె దగ్గరకు వచ్చేలా ముడుచుకొని కూర్చొని, ముందుగా కాళ్లతో పలకను తన్నాలి. కాళ్లు చాపడం పూర్తవుతుండగా నడుము పైభాగం వెనక్కి వాలాలి, ఆ తరవాతే చేతులు పిడిని డొక్కల దాకా లాక్కోవాలి. తిరిగి వెళ్లేటప్పుడు ఈ వరుస తారుమారవుతుంది: చేతులు, నడుము, చివరికి మోకాళ్లు. లాగడానికి ఒక వంతు సమయం పడితే, తిరిగి ముందుకు జారడానికి రెండు వంతులు పట్టాలి. కొత్తవారు చేసే తప్పల్లా హడావిడిగా ముందుకు జారిపోవడం. నిమిషానికి 18 నుంచి 24 లాగుళ్లు చాలు.

గాలి రకంలో బరువు అంటూ విడిగా ఏదీ ఉండదు. గొలుసు లాగితే చక్రం తిరుగుతుంది, చక్రానికున్న రెక్కలు గాలిని కొడతాయి. ఎంత గట్టిగా లాగితే అంతకంత ఎదురుతోపు పుడుతుంది. వేగం కొంచెం పెంచాలన్నా పెట్టాల్సిన వాట్లు చాలా పెరుగుతాయి, ఎందుకంటే వాట్లు వేగానికి ఘనంలో ఉంటాయి. లెక్కల మాస్టారు కాబట్టి మీకు ఇది సరదాగా ఉంటుంది: 500 మీటర్లను 3 నిమిషాల్లో పూర్తిచేసే వేగానికి 60 వాట్లు సరిపోతే, అదే దూరాన్ని 2 నిమిషాల్లో చేయడానికి 200 వాట్లు దాటాలి. చక్రం పక్కనున్న 1 నుంచి 10 అంకెల మీటను పదికి తిప్పి, అదే మగతనమనుకునే కుర్రాళ్లను చూశాను. అది సైకిలు గేరు లాంటిది, అంతే. నేను 4 దాటించను.

ఇక చోటు సంగతి. నాది 8 అడుగుల పొడవుంటుంది, వాడుతున్నప్పుడు 9 అడుగులకు 4 అడుగుల జాగా కావాలి. మీ వసారాలో పడుతుంది. రెండు ముక్కలుగా విడదీసి గోడకు నిలబెట్టవచ్చు. అయితే అసలు ఇబ్బంది ధర దగ్గర ఉన్నది. ఇలాంటిది లక్ష దాటుతుంది. మీరనుకున్న డబ్బులో వచ్చేవి అయస్కాంతంతో ఎదురుతోపు పుట్టించే రకాలు, వాటి మీద పనిచేసినవారు వేరే చెప్పాలి.

చీపురుపల్లి సైకిల్ (చీపురుపల్లి)

నాగావళి గారు చెప్పినదానిలో తప్పేమీ లేదు. అయితే లాగే వరుసను గురించి వారు ఒక పేరా రాయవలసి వచ్చింది. సైకిలు తొక్కడం ఎలాగో ఎవరికైనా ఒక పేరా రాసి చెప్పాలా? నా ఉద్దేశంలో ఇంటి వ్యాయామానికి అదే పెద్ద తేడా. మా ఇంట్లో ఆరేళ్లుగా సైకిలు ఉన్నది. నేను తెల్లవారుజామున పేపరు చదువుతూ తొక్కుతాను, మా ఆవిడ సాయంత్రం సీరియల్ చూస్తూ తొక్కుతుంది, 71 ఏళ్ల మా అమ్మ గోడ పట్టుకొని ఎక్కి పది నిమిషాలు తొక్కుతుంది. అదే రోయింగ్ మెషిన్ అయితే మా అమ్మను కిందికి దించగలనేమో గానీ, తిరిగి పైకి లేపడం నా వల్ల కాదు.

ఇది మా మొదటి సైకిలు కాదు. మొదటిదానికి హ్యాండిళ్లు కూడా ముందుకూ వెనక్కూ ఆడేవి, చూడడానికి ఒళ్లంతా వ్యాయామమే అనిపించేది. చాలా చవకగా వచ్చింది. బిగించడానికి వచ్చిన కుర్రవాడు ఎడమ పెడల్‌ను కూడా కుడి పెడల్ లాగానే గడియారం తిరిగే వైపు బలవంతంగా తిప్పి మర కొరికేశాడు. ఎడమ పెడల్‌కు మర ఎదురు దిక్కున ఉంటుందని అతనికి తెలియదు, అప్పటికి నాకూ తెలియదు. నెల తిరగకుండా పెడల్ ఊడి నా పిక్క చీరుకున్నది. అమ్మినవారికి ఫోను చేస్తే, బిగించినది తమ మనిషి కాదన్నారు. మీరు ఏ సైకిలు కొన్నా, పెడల్ కొస మీద ఎల్, ఆర్ అక్షరాలు చూసుకొని, ముందు చేత్తో మూడు నాలుగు చుట్లు సాఫీగా ఎక్కిన తరవాతే స్పానర్ పెట్టనివ్వండి.

మరొక మాట. స్పిన్ బైక్ అనే రకంలో చక్రం బరువుగా ఉంటుంది, పైగా అది పెడల్‌తో కలిసే తిరుగుతుంది. మామూలు సైకిలులాగా కాళ్లు ఆపితే పెడళ్లు ఆగవు, అవే మన కాళ్లను తిప్పేస్తాయి. ఆపాలంటే బిగింపు మరను కిందికి నొక్కాలి. సెలవులకు మనవలు వచ్చే ఇల్లయితే ఇది గుర్తుంచుకోవాలి, చక్రంలో వేళ్లు పెట్టే పిల్లవాడు ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు.

మోకాలి చిప్ప (రాజాం)

నేను ఫిజియోథెరపిస్టును. ఇక్కడ రాసేది సాధారణ సమాచారం మాత్రమే. మీ ఇద్దరినీ చూసిన డాక్టరు మాటే మీకు ప్రమాణం.

ముందుగా మేడమ్ గారి విషయం. మోకాలి అరుగుదలకు సైకిలు తొక్కడం చాలామందికి సుఖంగా ఉంటుంది, ఎందుకంటే శరీరపు బరువును సీటు మోస్తుంది, మోకాలు ఒక హద్దులోనే వంగుతుంది, ఆ హద్దును సీటు ఎత్తుతో మనమే నిర్ణయించుకోవచ్చు. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమను దాని మీద పెడితే కాలు నిటారుగా రావాలి. తరవాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు 25 నుంచి 35 డిగ్రీల వంపులో ఉంటుంది. చాలా ఇళ్లలో పడిపోతామన్న భయంతో సీటును బాగా కిందికి దించి తొక్కుతారు, దాంతో మోకాలి చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది, నెలలోపు సైకిలు పడలేదండీ అని నా దగ్గరకు వస్తారు. వారికి పడనిది సైకిలు కాదు, సీటు ఎత్తు.

రోయింగ్‌లో కూడా బరువు సీటు మీదే ఉంటుంది, కుదుపు ఉండదు. కానీ ప్రతి లాగుడు మొదట్లోనూ మోకాలు దాదాపు గొంతుకూర్చున్నంతగా ముడుచుకుంటుంది. నేలమీద కూర్చొని లేవలేనివారికి ఇది కష్టం. పూర్తిగా ముందుకు జారకుండా సగంలోనే ఆపి లాగవచ్చు, కొందరికి అలాగే చేయిస్తాను.

మాస్టారూ, మీ విషయంలో రెండు జాగ్రత్తలు. రక్తపోటు ఉన్నవారు ఊపిరి బిగబట్టి లాగకూడదు. లాగేటప్పుడు ఊపిరి వదలాలి, ముందుకు జారేటప్పుడు పీల్చాలి. రెండవది నడుము. అలసిపోయినవారు తుంటి దగ్గర వంగడం మాని వెన్ను మధ్యలో వంగిపోతారు, పడవ పోటీల క్రీడాకారులకు నడుము నొప్పి ఎక్కువగా రావడానికి అదొక కారణం. రాత్రంతా పడుకొని లేచినప్పుడు వెన్ను డిస్కులు నీరు పీల్చుకొని బిగువుగా ఉంటాయి గనక, లేచిన వెంటనే కాకుండా కాఫీ తాగి, పేపరు చదివి, ఓ గంట తిరిగాక రోయింగ్ చేయడం మంచిది. సైకిలుకు ఇంత పట్టింపు అక్కరలేదు. చక్కెరకు మాత్రలో ఇన్సులినో మొదలైతే, వ్యాయామంలో చక్కెర పడిపోయే అవకాశాన్ని గురించి మందు రాసినవారిని అడగండి.

కొనేముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. రోయింగ్ మెషిన్ల సీటు చాలావాటికి బాగా కిందికి ఉంటుంది, నాగావళి గారి దగ్గరున్న రకం నాకు తెలిసి నేల నుంచి 36 సెంటీమీటర్లు. అంత ఎత్తున్న స్టూలు మీద ఇద్దరూ కూర్చొని, చేతులు ఆన్చకుండా పదిసార్లు లేచి చూడండి.

ఉద్దానం కొబ్బరి (కవిటి)

మాది సముద్రానికి దగ్గర. ఇక్కడ ఇనుమన్నది ఏదైనా రెండు వానకాలాలు గడిచేసరికి రంగు మారుతుంది. మా బావమరిది రోయింగ్ మెషిన్ గొలుసు తుప్పు పట్టి లాగినప్పుడల్లా కిర్రుమంటే, బాగుచేసేవారు లేక చివరికి కుట్టుమిషను నూనె పోసి తనే తుడుచుకున్నాడు. విజయనగరానికి ఉప్పుగాలి అంతగా రాదు గానీ, గ్రిల్ వసారా కాబట్టి జల్లు కొడుతుంది. ఏది కొన్నా మీద టార్పాలిన్ కప్పండి.

కరెంటు గురించి ఎవరూ అడగలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరవాత మా ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఈ రెండు యంత్రాలకూ మామూలుగా కరెంటు అక్కరలేదు, తెరకు సెల్లులు సరిపోతాయి. ట్రెడ్‌మిల్ అలా కాదు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన వారంలో ఒళ్లు నొప్పులు వస్తాయి, అప్పుడు మందుల దుకాణంలో అడిగి నొప్పి మాత్రలు మింగడం మా వైపు మామూలు. కిడ్నీ జబ్బులతో మా ఉద్దానం ఎలా నలిగిపోతున్నదో చూస్తున్నవాణ్ని. ఆ మాత్రల్లో చాలావాటికి కిడ్నీలను దెబ్బతీసే గుణం ఉన్నది, చెమట పోసి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ ముప్పు మరింత పెరుగుతుంది. నొప్పి పుడితే రెండు రోజులు తగ్గించి చేయండి, మాత్ర వద్దు.

కోట వెనుక వీధి (విజయనగరం)

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చ చదివి వినిపిస్తే మా అబ్బాయి ఒక్క ప్రశ్న వేశాడు: అన్నీ సరే, కేలరీల సంగతేమిటి? 600 అన్న అంకెను వాడు వదలడం లేదు. అది నిజమేనా? సైకిలుకు అంత రాదా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో చెప్పగలను. కాన్సెప్ట్2 అనే కంపెనీ గాలి రకం యంత్రపు తెర కేలరీలను లెక్కకట్టే పద్ధతి బహిరంగంగానే ఉన్నది. వాట్లను సుమారు 3.44తో గుణించి, దానికి 300 కలుపుతారు, అది గంటకు కేలరీలు. 100 వాట్లకు 644 వస్తుంది. ఇందులో ఆ 300 అన్నది సుమారు 79 కిలోల మనిషి తన శరీరాన్ని ముందుకూ వెనక్కూ జరుపుకోవడానికి వేసిన లెక్క. మీరు 62 కిలోలే ఉంటే తెర మీకు లేనిపోని కేలరీలు చూపిస్తుంది. అంతకన్నా ముఖ్యం, 100 వాట్లు అంటే 500 మీటర్లకు 2 నిమిషాల 32 సెకన్ల వేగం. దాన్ని గంటసేపు నిలబెట్టడం 54 ఏళ్ల కొత్తవారికి మొదటి నెలల్లో కుదిరే పని కాదు. నేనే మొదటి వారం పన్నెండు నిమిషాలకు చాప మీద పడుకొని ఫ్యాను వంక చూశాను.

ఒకే వాట్ల దగ్గర సైకిలు కంటే రోయింగ్‌కే ఖర్చు కొంత ఎక్కువ. రోయింగ్‌లో కండరాలు ఎక్కువగా పనిచేస్తాయి గానీ, పది నిమిషాల రోయింగ్ కంటే నలభై నిమిషాల సైకిలు ఖర్చే ఎక్కువ. నా అభిమానానికి విరుద్ధంగా ఈ మాట రాయాల్సి వచ్చింది.

వీణ మెట్టు (బొబ్బిలి)

నేను అద్దె ఇంట్లో రెండో అంతస్తులో ఉంటాను. చోటు తక్కువని, రెండు పక్కలా పిస్టన్లున్న పొట్టి రోయింగ్ మెషిన్ కొన్నాను. పది నిమిషాలు లాగేసరికి పిస్టన్లలో నూనె వేడెక్కి పట్టు సడలిపోయేది. నేను బలపడ్డానని మొదట్లో సంతోషించాను, చల్లారాక మళ్లీ బిగిసేది. ఇప్పుడు దాని మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి. గాలి రకం శబ్దం చేస్తుందని విన్నాను, కింద వాళ్లతో మాట పడాల్సి వస్తుందని దాని జోలికి పోలేదు. ఆ తరవాత అయస్కాంతంతో పనిచేసే సైకిలు తీసుకున్నాను, పక్క గదిలో పిల్లవాడు నిద్రపోతున్నా లేవడు.

మగవారు ఎవరూ రాయని సంగతి ఒకటున్నది. చీరతో రోయింగ్ మెషిన్ ఎక్కకూడదు. సీటు కింది చక్రాలు పట్టాల మీద పరుగెడుతుంటాయి, కుచ్చెళ్లో కొంగో అందులో పడితే లాగేస్తుంది. స్పిన్ బైక్ మీదైనా చున్నీ తీసి పక్కన పెట్టవలసిందే. మాస్టారి గారి ఇంటావిడ ఎలాంటి బట్టల్లో సుఖంగా ఉంటారో కూడా అడిగి, ఆ తరవాత యంత్రం నిర్ణయించండి. పంజాబీ డ్రెస్సు వేసుకోవడానికి మా అత్తగారికి ఏడాది పట్టింది.

తాలింఖానా తాత (విజయనగరం)

వీరఘట్టంలో పుట్టి, మన విజయనగరంలో వ్యాయామశాల నడిపిన కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు విన్న ఊరు ఇది. దండీలు, బస్కీలు మరిచిపోయి లాగే యంత్రమా, తొక్కే యంత్రమా అని తగువులాడుకుంటున్నారు.

మోకాలి చిప్ప (రాజాం)

తాతగారూ, మీ మాటలో పనికొచ్చే విషయమే ఉన్నది. రోయింగ్‌లో చేతులకు లాగే పనే, నెట్టే కండరాలకు పని లేదు. సైకిలులో నడుముకు పైన దాదాపు ఏమీ లేదు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామంతో పాటు, రెండు రోజులైనా కండరాలను బలపరిచే వ్యాయామం చేయమన్నది. మాస్టారు గోడకు చేతులానించి దండీలు తీస్తే రెండు యంత్రాల కొరతా కొంత తీరుతుంది. ఈ రెండింటిలోనూ మనిషి కూర్చునే ఉంటాడు కాబట్టి ఎముకలకు బరువు మోసే పని ఉండదు. అందుకని వాన లేని రోజున చెరువు గట్టు మానవద్దు.

మధ్యస్థం అంటే ఎంత అని అడుగుతారని ముందే చెబుతున్నాను. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి.

కోట వెనుక వీధి (విజయనగరం)

ఈ వారంలో జరిగింది రాస్తున్నాను. వసారాలో ముగ్గుపిండితో 9 అడుగులకు 4 అడుగుల గీత గీశాను. చోటు పట్టింది గానీ, వీధి గుమ్మం నుంచి లోపలికి వెళ్లే దారి మూసుకుపోయింది. పాలవాడు గీత తొక్కకుండా గంతు వేసి వెళ్లాడు. సైకిలుకు 4 అడుగులకు 2 అడుగులు గీస్తే మూలకు ఒదిగింది.

స్టూలు పరీక్ష కూడా చేశాము. నేను పదిసార్లూ లేచాను, చివరి రెండుసార్లు పళ్లు బిగించాను. మా ఇంటావిడ రెండోసారికే నా భుజం పట్టుకున్నది. లేచాక, "మీ యంత్రం మీరు కొనుక్కోండి, నా సైకిలు నాకు కొనండి" అన్నది.

ఆదివారం విశాఖపట్నం వెళ్లి రెండూ ఎక్కి చూశాను. నిజం చెప్పాలంటే నాకు రోయింగే నచ్చింది. ఎనిమిది నిమిషాలు లాగేసరికి, లాగి జారే ఆ లయలో మనసు తేలికపడింది. కానీ అది లక్షా చిల్లర. 40 వేల లోపు అయస్కాంతపు రోయింగ్ మెషిన్ ఒకటి చూపించారు, పట్టాలు పొట్టిగా ఉండి నా కాళ్లు పూర్తిగా చాపకుండానే సీటు కొసకు తగిలింది. నేను 5 అడుగుల 10 అంగుళాలు. ఇద్దరమూ ఎక్కగలిగినది, రోజూ ఎక్కేది ఒక్క సైకిలే అని తేల్చుకొని 24 వేలకు అయస్కాంతపు సైకిలు చెప్పి వచ్చాము. హ్యాండిల్ ఆడే రకం కాదు. సీటు ఎత్తు మార్చే మరకు అంకెలున్నాయి, ఆమెది, నాది విడివిడిగా రాసి గోడకు అంటిస్తాను.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

సరైన నిర్ణయం. అరసవల్లి దర్శనానికి వచ్చినప్పుడు మా ఇంటికి రండి, మీకు ముచ్చటపడినది ఇక్కడ ఖాళీగానే ఉంటుంది. మొన్ననే గొలుసుకు నూనె పెట్టాను. యాభై గంటల వాడకానికి ఒకసారి పెట్టాలి, ఉద్దానం వారి బావమరిదికి కూడా ఈ మాట చెప్పండి.

చీపురుపల్లి సైకిల్ (చీపురుపల్లి)

బిగించడానికి ఎవరు వస్తున్నారు? పెడళ్ల సంగతి మరచిపోకండి.

కోట వెనుక వీధి (విజయనగరం)

ఈ ఉదయమే వచ్చారు. ఎడమ పెడల్ మీద ఎల్ అక్షరం నేనే చూపించాను. ఆ అబ్బాయి స్పానర్ తీయబోతే ఆపి, గడియారానికి ఎదురు వైపు చేత్తో నాలుగు చుట్లు తిప్పించాను, సాఫీగా ఎక్కింది. "సార్, మీకు సైకిలు షాపు ఉందా?" అని అడిగాడు.

మా ఇంటావిడ సీటు 6వ అంకె మీద, నాది 9 మీద నిలిచింది. ఆమె పన్నెండు నిమిషాలు తొక్కింది. నొప్పి ఏమైనా ఉన్నదా అని అడిగితే, మాట్లాడుతూనే తొక్కుతున్నాను కదా, పాట మాత్రం అడగకండి అన్నది.